మా తాత దిగని ఫోటో

రెండువేల పది మే నెలలో మా గ్యారేజ్‌లోంచి కార్లు రెండూ బయటికి వచ్చేశాయి. అరిజోనాలో మేముండే చాండ్లర్ ఎండలో బయట పెట్టిన కారు స్టీరింగ్ మధ్యాహ్నానికి పట్టుకుంటే చెయ్యి చుర్రుమంటుంది. అయినా ఇషా అడిగింది కాబట్టి గ్యారేజ్ ఖాళీ చేసి ఇచ్చాం.

ఇషా మా ఒక్కగానొక్క కూతురు. అప్పటికి ఇరవై ఏళ్ళు. టెంపీలోని యూనివర్సిటీలో ఇంజనీరింగ్‌లో చేరి, ఏడాది తిరక్కుండానే ఫోటోగ్రఫీకి మారింది. సెప్టెంబర్ మొదటి శుక్రవారం ఫీనిక్స్ డౌన్‌టౌన్‌లోని ఒక చిన్న గ్యాలరీలో తనకి ఒక గది ఇస్తామన్నారు. గది నిండా ఫోటోలు కావాలి. అవి కూడా నూటయాభై ఏళ్ళ కిందటి పద్ధతిలో తీయాలని పట్టుబట్టింది.

ఆ పద్ధతిలో ఫిల్మ్ ఉండదు. నల్ల రంగు వేసిన రేకు మీద కొలోడియన్ అనే జిగురు ద్రవం పోసి, రేకంతా సమంగా పరుచుకునేలా వంచాలి. దాన్ని వెండి కలిసిన మందులో ముంచి, తడి ఆరకముందే చెక్క పెట్టె కెమెరాలో పెట్టి ఫోటో తీసి, వెంటనే కడగాలి. మామూలు చోట్ల పది నిమిషాల వ్యవధి ఉంటుందట. అరిజోనా వేసవిలో నాలుగు నిమిషాలు కూడా దక్కవు. అందుకని తెల్లవారుజామున ఐదింటికే లేచేది. వారం రోజులు వరసగా రేకులు పాడయ్యాయి.

ఒకరోజు పొద్దున ఆఫీస్‌కి బయల్దేరుతూ తొంగిచూశాను. వెండి మందు అంటి వేళ్ళన్నీ నల్లబడ్డాయి. కళ్ళలో నీళ్ళు.

"ఇట్స్ నాట్ వర్కింగ్ నాన్నా. మధ్యలో బాగుంది. చివర్లు మందంగా వస్తున్నాయి."

నేను నవ్వాను. ఇరవై రెండేళ్ళుగా చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను చేసే పని అదే. సిలికాన్ పళ్ళెం మీద మందు పూత పూయడం, వెలుగు చూపించడం, కడగడం. బ్యాగ్ కింద పెట్టి, చొక్కా చేతులు మడిచి, రేకు తీసుకున్నాను. ఒక మూల నుంచి పోసి, నాలుగు మూలలకీ నెమ్మదిగా తిప్పి, మిగిలింది సీసాలోకి వంచాను. పూత అద్దంలా వచ్చింది.

"నాన్నా! యూ ఆర్ హైర్డ్!" అంది.

అలా నేను మా అమ్మాయికి అసిస్టెంట్‌నయ్యాను. రోజూ ఐదు నుంచి ఏడు దాకా గ్యారేజ్, ఆ తర్వాత ఆఫీస్. తన చిన్నప్పటి నుంచీ మేమిద్దరం కలిసి చేసిన మొదటి పని అది.

తీస్తున్నదేమిటో మొదట్లో నేను పెద్దగా పట్టించుకోలేదు. తను లైబ్రరీలో తెల్లవాళ్ళ కాలం నాటి పుస్తకాలు చూసిందట. అప్పట్లో మన దేశంలో ఒక్కో కులంవాళ్ళనీ పట్టుకొచ్చి, గళ్ళు గీసిన గుడ్డ ముందు కొలబద్ద పక్కన నిలబెట్టి, ముందు నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి ఫోటోలు తీసేవారు. వాళ్ళ గుణగణాలు ఇవీ అని కింద అచ్చు వేసేవారు. ఇషా అచ్చం అలాగే మా స్నేహితులను తీయాలనుకుంది. సూటూ బూటూ వేసుకున్న ఇంజనీర్లు, డాక్టర్లు ఆ గళ్ళ గుడ్డ ముందు తమ పాస్‌పోర్టో గ్రీన్ కార్డో పట్టుకుని నిలబడతారు. అనుమానం వస్తే పోలీసులు వలస కాగితాలు అడగాలనే చట్టం ఆ ఏప్రిల్‌లోనే మా రాష్ట్రంలో వచ్చింది. టీవీలో రోజూ అదే గొడవ.

"మనల్ని ఎవరడుగుతారమ్మా? మనం ఇంజనీర్లం" అన్నాడు రాజారావు.

రాజారావు మా వీధి చివరే ఉంటాడు. పదిహేనేళ్ళ స్నేహం. తెలుగు అసోసియేషన్‌లో ఏ పనైనా ఆయన భుజాన వేసుకుంటాడు. నన్ను 'ఏమోయ్ తిరుపతీ' అని పిలిచేవాళ్ళు అమెరికాలో ఆయనొక్కడే. మాదీ ఆయనదీ ఒకే జిల్లా. మొదటిసారి కలిసినప్పుడు నా ఇంటిపేరు అడిగి, తనంతట తనే ఏదో ఊహించుకుని, "అయితే మీరు ఫలానా అన్నమాట" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు.

ఇషాకి మొదట ఫోటో దిగింది ఆయనే. పెళ్ళినాటి సూటు వేసుకొచ్చి, ఎనిమిది సెకన్లు ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. రేకు కడుగుతుంటే బొమ్మ తేలింది. చూసి గతుక్కుమన్నాడు.

"ఇంత నల్లగా వచ్చానేమిటోయ్?"

"ఈ మందుకి మన చర్మం రంగు సరిగా అందదు అంకుల్. అందర్నీ డార్క్‌గా చూపిస్తుంది" అంది ఇషా.

"మీ ఆంటీకి చూపించకమ్మా. పెళ్ళి క్యాన్సిల్ అంటుంది." ముగ్గురం కడుపుబ్బ నవ్వుకున్నాం.

జూన్ చివరికి పద్నాలుగు ఫోటోలు తయారయ్యాయి. అప్పుడొక శనివారం పొద్దున రాజారావు ఉండగానే ఇషా ఒక ప్రింటు తెచ్చి బల్ల మీద పెట్టింది.

పాత ఫోటో. గుడిసె ముందు నలుగురు మనుషులు. ముగ్గురు కూర్చున్నారు. ఒకడు గోచీతో, తలపాగాతో, చేతులు రెండూ తొడలకి ఆనించి నిలబడ్డాడు. పక్కన కొలబద్ద. ముఖంలో ఏ భావమూ లేదు. కింద ఇంగ్లీషులో రెండు లైన్లు: పుట్టుకతోనే దొంగతనం వృత్తిగా గల తెగ.

"అంకుల్, మీరు ఇంకొకటి దిగాలి. ఇతనిలాగా. సేమ్ పోజ్. ఎవర్నైనా ఆ ఫ్రేమ్‌లో పెడితే దొంగలాగే కనిపిస్తాడు, దట్స్ ద పాయింట్."

రాజారావు కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. "వీళ్ళా? వీళ్ళు మా వైపువాళ్ళేనమ్మా. ఎరుకలోళ్ళు. మా తాతగారు మునసబు కదా, పొద్దుగూకేసరికి వీళ్ళలో మగాళ్ళంతా మా అరుగు ముందుకొచ్చి హాజరు వేయించుకుని అక్కడే పడుకోవాలి. పొరుగూరు వెళ్ళాలన్నా ఆయన రాసిచ్చిన చీటీ ఉండాలి. లేకపోతే ఊళ్ళో కోడి కూడా మిగిలేది కాదట." నవ్వాడు. "సరే, దిగుతాను. చేతిలో గునపం కూడా పెట్టు. భలేగా ఉంటుంది."

నేను రేకు తుడుస్తున్నాను. తుడిచిందే తుడుస్తున్నానని కాసేపటికి గమనించాను.

"అది వద్దు" అన్నాను.

"ఎందుకు నాన్నా?"

"రాజారావు అంకుల్‌ని అలా తీయొద్దు."

"నాకేం ఫర్లేదోయ్. సరదాకేగా" అన్నాడు రాజారావు.

"నాకు సరదాగా లేదు."

ఆయన నా ముఖంలోకి చూసి, ఎండ ముదురుతోందని లేచి వెళ్ళిపోయాడు. ఇషా గ్యారేజ్ తలుపు సగానికి దించి నా ఎదురుగా నిలబడింది.

"వాట్ హ్యాపెన్డ్?"

"మా తాతని అలా తీశారు" అన్నాను.

ఇషా ప్రింటు వైపు చూసింది, నా వైపు చూసింది. "ఇతనా?"

"ఇతను కాదు. ఇతని లాంటివాడు."

అక్కడే కింద కూర్చుని చెప్పాను. మా తాత పేరు అంకయ్య. ఆయన తండ్రి గాడిదల మీద ఉప్పు వేసుకుని ఊరూరా అమ్మేవాడు. రైళ్ళు వచ్చాక ఉప్పు వ్యాపారం పోయింది. ఆ తర్వాత తెల్లదొరల చట్టమొకటి వచ్చింది. మా కులంలో పుట్టినవాడు పుట్టుకతోనే దొంగ అన్నారు. ఊళ్ళ నుంచి తోలుకొచ్చి, పోలీసు కాపలా ఉండే సెటిల్‌మెంట్‌లో పెట్టారు. నేను పుట్టింది ఆ సెటిల్‌మెంట్ ఊళ్ళోనే. అప్పటికి చట్టం పోయింది, పేరు మాత్రం పోలేదు.

ఇషా ఆ ప్రింటు బోర్లా తిప్పి పెట్టింది. తర్వాత అడిగిన మొదటి ప్రశ్న: "తాతగారి ఫోటో ఉందా?"

"లేదు. పోలీసులు ఒకసారి తీశాక ఆయన జన్మలో మళ్ళీ దిగలేదు. వరంగల్‌లో చదివేటప్పుడు ఫ్రెండ్ కెమెరా తీసుకెళ్ళాను. కెమెరా చూడగానే తువ్వాలు ముఖం మీద కప్పుకున్నాడు. నేనే కదా తాతా అన్నా తీయలేదు. మరుసటేడు పోయాడు."

"నాకెందుకు చెప్పలేదు?"

"నిన్నెవరూ ఆ కళ్ళతో చూడకూడదని" అన్నాను. తను తలూపింది కానీ, ఒప్పుకున్నట్టు కాదు.

ఆ ఆదివారం ప్రమోదతో చెప్పాను, నేను ఫోటో దిగుతానని. నా పేరుతో, మా కులం పేరుతో, తాత కథతో, గ్యాలరీ గోడ మీద. ప్రమోద నా భార్య. డయాలసిస్ సెంటర్‌లో నర్సు. మా ఇద్దరిదీ ఒకే కులం. పప్పు తాలింపు పెడుతున్నదల్లా స్టవ్ ఆపేసింది.

"పిల్లకి చెప్పావు, మంచిది. ఇంట్లో ఉండనీ. గోడ మీదకెందుకు?"

"గోడ మీద రాజారావు ఆ వేషం కట్టి నిలబడబోయాడు."

"వద్దన్నావుగా. అయిపోయింది."

"నేను నోరు మూసుకుంటే ఇంకెవరో కడతారు."

ప్రమోద కుర్చీ లాక్కుని కూర్చుంది. "గుంటూరులో నర్సింగ్ చదివేటప్పుడు హాస్టల్లో ఎవరిదో గొలుసు పోయింది. అరవై మందిమి. నా పెట్టె ఒక్కటే దించి, బట్టలన్నీ వరండాలో పరిచారు. గొలుసు మర్నాడు బాత్రూంలో దొరికింది. ఎవరూ సారీ అనలేదు. ఇప్పటికీ ఎవరింట్లోనైనా పార్టీలో ఏదైనా కనపడటం లేదంటే నాకు చేతులు చల్లబడిపోతాయి, తెలుసా నీకు?"

పాతికేళ్ళ కాపురంలో ఆ మాట నాకెప్పుడూ చెప్పలేదు.

"నీ పేరు రానివ్వను. నేనొక్కణ్ణే" అన్నాను.

"నీ పేరు చెప్తే నా పేరు చెప్పినట్టు కాదా?" లేచి స్టవ్ వెలిగించింది. కాసేపయ్యాక నా వైపు తిరక్కుండానే అంది. "రాజారావుగారికి నువ్వే వెళ్ళి ముందు చెప్పు. గోడ మీద చదివి తెలుసుకోవడం బాగుండదు."

ఊళ్ళో ఉన్న మా అక్క సుబ్బులుకి ఫోన్ చేశాను. నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. ఇషా పక్కన కూర్చుని స్పీకర్ పెట్టింది.

"తాత ఆ రోజు గురించి ఏమైనా చెప్పేవాడా అక్కా?"

"ఎందుకు చెప్పడూ? రెండు రోజులు నడిపించి తీసకపోయారంట. ఎండలో నిలబెట్టి ముందు నించి ఒకటి, పక్క నించి ఒకటి. దీన్నేం చేస్తారు దొరా అని అడిగాడంట. అన్ని ఠాణాలకీ పంపుతామన్నారంట. ఇంక ఏ ఊరు పోయినా నా మొకం నాకంటే ముందు పోయి కూకుంటదిరా అనేవాడు."

ఇషా నోట్‌బుక్‌లో రాసుకోబోయి ఆగిపోయింది.

"అత్తా, ఆయన ఎలా ఉండేవాడు?" అని అడిగింది.

"మీ నాయన చెవులు చూడు. అవి తాతవే" అంది అక్క.

జులై మొదటి వారంలో రాజారావు ఇంటికి వెళ్ళాను. రేణు కాఫీ ఇచ్చింది. రేణు ఆయన భార్య, ప్రమోదకి ఇక్కడున్న ఒకే ఒక్క దగ్గరి స్నేహితురాలు. ఇద్దరి ముందూ చెప్పాను. పెద్దగా చెప్పడానికేమీ లేదు, రెండు నిమిషాలు పట్టింది.

"నువ్వా? ఛ, జోకులెయ్యకు" అన్నాడు రాజారావు. నేను నవ్వకపోయేసరికి కప్పు బల్ల మీద పెట్టాడు. "ఆ రోజు నేనేదో సరదాకి... పాతకాలం సంగతులు. మా తాతగారి ఉద్యోగం అది."

"ఉద్యోగమే. మా తాత నిద్రపోవడం కూడా ఎవరో ఒకరి ఉద్యోగంగా ఉండేది. అదే చెప్తున్నాను."

"ఇన్నేళ్ళూ చెప్పలేదేం మరి?"

"అప్పుడు చెప్పి ఉంటే ఇన్నేళ్ళు ఉండేవా?"

అనకుండా ఉండాల్సిందేమో. కానీ అన్నాను. కాఫీ పూర్తిగా తాగి, రేణుకి చెప్పి వచ్చాను.

మర్నాడు ఫోన్ వచ్చింది. "తిరుపతయ్యగారూ" అన్నాడు. ఒక్క క్షణం ఎవరో అనుకున్నాను. "ఆ గ్యాలరీలో నా ఫోటో పెట్టొద్దని మీ అమ్మాయికి చెప్పండి. నాకు ఇబ్బందిగా ఉంటుంది." కోపమేమీ లేదు గొంతులో. చాలా మర్యాదగా ఉంది. పదిహేనేళ్ళు 'ఏమోయ్' అన్న మనిషి నోట ఆ 'గారు' విని, ఫోన్ పెట్టాక కూడా అక్కడే నిలబడిపోయాను.

"తీసేద్దామా, నీ ఇష్టం" అన్నాను ఇషాతో.

"ఆయన ఫోటో తీసేస్తాను. అది ఆయన రైట్. గోడకి మేకు మాత్రం కొడతాను. ఆ ప్లేస్ ఖాళీగా ఉంటుంది" అంది. "ఇప్పుడు నీ ఫోటో, నాన్నా."

ఎలా తీయాలన్నదాని మీద మేమిద్దరం రెండు రోజులు వాదించుకున్నాం. తను గళ్ళ గుడ్డ తీసేద్దామంది. నేను ఉండనీ అన్నాను.

"పక్క నుంచి కూడా తీయాలా?"

"వద్దు. ముందు నుంచే. కెమెరాలోకే చూస్తాను."

"స్కేల్?"

"ఉండనీ. కానీ నా పక్కన నిలబెట్టొద్దు. నేనే పట్టుకుంటాను."

తను నా వైపు కొత్తగా చూసింది. అప్పుడే నాకర్థమైంది, అసిస్టెంట్‌గా కాక ఆ గ్యారేజ్‌లో నేను మొదటిసారి ఒక మాట చెప్పానని.

మొదటి రేకు ఎండకి ఆరి చారలు పడింది. రెండోది నేను కదిలితే చెడింది. మూడోది కడుగుతుంటే పూత తోలులా ఊడొచ్చింది. ఆ రోజుకి ఆపుదామంది ఇషా. "ఇంకొకటి తీద్దాం" అన్నాను. పూత నేనే పోశాను. ఆరూ నలభైకి ఇషా నాలుగో రేకు కెమెరాలో పెట్టింది. ఇంట్లో వేసుకునే తెల్లచొక్కాతో, కుడిచేత కొలబద్ద పట్టుకుని నిలబడ్డాను. ఇషా మూత తీసి గట్టిగా లెక్కపెట్టింది. ఎనిమిది సెకన్లు. రెప్ప వేయాలనిపించింది, వేయలేదు.

మందులో రేకు మొదట నీలంగా, పొగలా ఉంది. తర్వాత ముఖం తేలింది. నేనెప్పుడూ లేనంత నల్లగా, ముసలిగా ఉన్నాను. తాత కనిపించాడని చెప్పలేను, ఆయన ముఖం నాకు సగమే గుర్తు. చెవులు మాత్రం అక్క చెప్పినట్టే ఉన్నాయి. ఇషా నల్లటి వేళ్ళతో నా మోచెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

జులై చివర్లో కోర్టు, కాగితాలు అడగాలనే ఆ చట్టంలో ముఖ్యమైన భాగాలు ఆపింది. టీవీలో గొడవ తగ్గింది. ఆగస్టంతా ఫోటో కింద పెట్టే కాగితం రాయడంలో గడిచింది. చివరికి నాలుగే లైన్లు మిగిలాయి: నా పేరు, మా కులం, మా ఊరు. మా తాత అంకయ్యని పోలీసులు ఒకసారి ఫోటో తీశారని, ఆ తర్వాత ఆయన ఎవరినీ తీయనివ్వలేదని, ఇది నా ఇష్టంతో దిగిన ఫోటో అని.

సెప్టెంబర్ మొదటి శుక్రవారం సాయంత్రం గ్యాలరీ కిటకిటలాడింది. తెలుగువాళ్ళు పదిమంది దాకా వచ్చారు. నా ఫోటో కింద కాగితం చదివి ఇద్దరు ముగ్గురు నా దగ్గరికొచ్చి ఇషా ప్రతిభ గురించి మాత్రమే మాట్లాడారు. రాజారావు రాలేదు. ఇప్పటికీ కలిసినప్పుడల్లా నన్ను 'గారు' అనే పిలుస్తాడు. రేణు ఒక్కతే వచ్చింది. నా ఫోటో ముందు నిలబడి, పక్కనే ఖాళీగా ఉన్న మేకు కూడా చూసింది. తర్వాత ప్రమోద పక్కకి వచ్చి, ఓదార్చాలన్నట్టు అంది.

"మీరు అలా కనిపించరు వదినా. నిజంగా."

"ఎలా కనిపిస్తాం రేణూ?" అని అడిగింది ప్రమోద.

గొంతు పెంచలేదు. తెలుసుకోవాలనే అడిగినట్టుంది. రేణు ముఖం ఎర్రబడింది. తను ప్రమోద చెయ్యి పట్టుకుంది. ప్రమోద చెయ్యి లాక్కోలేదు, ప్రశ్న కూడా వెనక్కి తీసుకోలేదు.

మాకొక భాష ఉంది. దానికి లిపి లేదు. పుట్టిన దగ్గర్నుంచీ నేనూ ప్రమోదా మా మా ఇళ్ళలో మాట్లాడిన భాష. ఇషా పుట్టినప్పుడు మా అపార్ట్‌మెంట్‌కి అటూ ఇటూ తెలుగువాళ్ళే ఉండేవారు. పిల్ల ఎక్కడైనా పలుకుతుందని, ఆ రోజే దాన్ని ఆపేశాం. ఇరవై ఏళ్ళలో మా ఇద్దరి మధ్య కూడా అది దాదాపు పోయింది.

ఎనిమిదవుతోంది. రేణు వెళ్ళిపోయింది. గది నిండా ఇంకా జనం ఉన్నారు. ప్రమోద వాళ్ళ మధ్యలోంచి నా వైపు నడిచివస్తూ, మామూలు గొంతుతో, అందరికీ వినబడేలా, ఆ భాషలో అంది: ఆకలేస్తోంది, ఇంటికి పోదామా?

ఇషా చటుక్కున వెనక్కి తిరిగింది. "అమ్మా, వాట్ వాజ్ దట్?"

ప్రమోద నా వైపు చూసింది. తర్వాత కూతురి వైపు తిరిగి, ఒక్కొక్క మాటే విడదీసి, నెమ్మదిగా మళ్ళీ అంది. ఇషా పలకడానికి ప్రయత్నించింది. తప్పొచ్చింది.

"అలా కాదు, నాలిక పైకి మడువు" అంది ప్రమోద. "మళ్ళీ అను."